మతేరాలో ఒక వాకిలి

బారి నుంచి మతేరాకు వెళ్ళే రైలు చాలా చిన్నది. రెండు పట్టాల మధ్య దూరం మీటరు కూడా ఉండదు. ఆలివ్ తోటలు, కోత అయిపోయిన గోధుమ చేలు, నడుమ ఆల్తమూరా ఊరు దాటుకుంటూ దాదాపు రెండు గంటలు నింపాదిగా పోతుంది. మతేరా ఒక జిల్లా కేంద్రం. అయినా నేను వెళ్ళిన 2024 వేసవి నాటికి ఇటలీ జాతీయ రైల్వే లైను అక్కడికి చేరలేదు. ఈ చిన్న రైలే ఆ ఊరికి ఆధారం.

మా చిన్నోడు బారిలో చదువుకుంటున్నాడు. ఇటలీలో ప్రాంతీయ ప్రభుత్వాలు తక్కువ ఆదాయమున్న విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. అందుకే మన పిల్లలు ఇప్పుడు అటు కూడా బాగానే వెళ్తున్నారు. వాణ్ణి చూడటానికి వెళ్ళి ఆరు వారాలు ఉన్నాను. రోమ్ చూశాను, వెనిస్ చూశాను. మళ్ళీ మళ్ళీ వెళ్ళింది మాత్రం మతేరాకే, మూడుసార్లు. ముప్పై రెండేళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పిన టీచర్ని. కృష్ణ ఒడ్డున జలాశయం కింద మునిగిపోయిన ఒక ఊళ్ళో పుట్టినదాన్ని. మతేరా నన్ను ఎందుకు వదల్లేదో చెప్పాలంటే ఈ రెండు సంగతులూ చెప్పక తప్పదు.

స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిస్తే విత్తోరియో వెనెతో చౌరస్తా వస్తుంది. అంతవరకూ అది మామూలు ఊరే. బేకరీలు, బ్యాంకులు, బెంచీల మీద ముసలివాళ్ళు. ఆ చౌరస్తా పక్కన ఉన్న తోరణాల్లోంచి కిందికి తొంగి చూస్తే కాళ్ళ కింద ఇంకో ఊరు కనిపిస్తుంది. లోయ అంచున, తేనె రంగు మెత్తటి సున్నపురాతిలో, ఇంటి మీద ఇల్లు, ఆ ఇంటి మీద ఇంకో ఇల్లు. ఒకరి ఇంటి కప్పు ఇంకొకరికి బజారు. అవతల గ్రవీనా వాగు చీల్చిన లోతైన లోయ, దాని గట్టు నిండా నల్లటి గుహల నోళ్ళు. ఈ పాత ఊరినే సస్సి అంటారు. సస్సో అంటే రాయి, సస్సి అంటే రాళ్ళు. అందులో రెండు పేటలున్నాయి: సస్సో కవెయోసో, సస్సో బరిసానో. రెండింటి మధ్య ఎత్తున చివితా అనే దిబ్బ మీద పదమూడో శతాబ్దపు కెథడ్రల్ నిలబడి ఉంటుంది.

"ముందర కట్టినట్టు కనిపిస్తాయి గానీ చాలా ఇళ్ళు వెనక తొలిచినవే అమ్మా" అన్నాడు మావాడు. నిజమే. కొండలోకి తొలిచినప్పుడు వచ్చిన రాయితోనే ముందు గోడ కట్టుకున్నారు. బయటికి ఒక గది కనిపిస్తే లోపల నాలుగైదు అర్రలుంటాయి.

ఇక్కడ మనుషులు ఎప్పటినుంచి ఉన్నారంటే, లోయకు అవతల ముర్జా పీఠభూమి మీద కొత్త రాతియుగపు పల్లెల చుట్టూ తవ్విన కందకాలు బయటపడ్డాయి. వాటిని తవ్వి తీసినవాడు దొమెనికో రిదోలా. వృత్తికి డాక్టరు. ఆయన పోగుచేసిన వస్తువులతో 1911లో పెట్టిన మ్యూజియం ఇప్పటికీ ఊళ్ళో ఉంది. తర్వాత క్రైస్తవ సన్యాసులు వచ్చి గుహల్లో గుడులు తొలుచుకున్నారు. అలాంటి రాతి చర్చిలు ఊళ్ళోనూ చుట్టుపక్కలా కలిపి నూట యాభైకి పైనే. కొన్నిటి గోడల మీద చిత్రాలు ఇంకా చెదరలేదు. 1663 నుంచి 1806 దాకా బజిలికాతా ప్రాంతానికి ఇదే రాజధాని. నెపోలియన్ అన్న జోసెఫ్ ఆ హోదాను పొతెన్జాకు మార్చాడు. ఈ ఊరివాళ్ళు పన్నుల బాధ పడలేక 1514 డిసెంబరు 29న తమ దొర త్రమొంతానోను చంపేశారు. అతను కట్టిస్తున్న కోట అలాగే ఆగిపోయి, మూడు బురుజులతో ఇవాళ్టికీ ఊరి పైన నిలబడి ఉంది. 1943 సెప్టెంబరు 21న జర్మన్ సైన్యం మీద తిరగబడిందీ ఈ ఊరే. దక్షిణ ఇటలీలో అలా తిరగబడ్డ మొదటి నగరం ఇది. అణిగిమణిగి ఉన్న ఊరు కాదని చెప్పడానికే ఇవన్నీ ఏకరువు పెట్టాను. నాకు అసలు విషయం నీళ్ళు.

మతేరాలో నేను ఎక్కువసేపు నిలబడి చూసింది చర్చిలను కాదు, పలొంబారో లుంగో అనే తొట్టిని. చౌరస్తా కింద మెట్లు దిగి వెళ్ళాలి. దాదాపు 15 మీటర్ల లోతు, పెద్ద పెద్ద రాతి స్తంభాలు, 50 లక్షల లీటర్ల నీళ్ళు పట్టే జాగా. కొండను తొలిచి, పాత గుహలను కలిపి, అంతటి హాలును నీళ్ళకోసం చేశారు. గోడల మీద పూత చూసి నేను చేత్తో ముట్టుకోబోయి ఆగాను. సున్నంలో పెంకుల పొడి కలిపి నూరి పూసిన గచ్చు. మా తాతల ఇళ్ళలో మిద్దెల మీద, గాబుల లోపల వేసిన గచ్చు లాంటిదే. చుక్క నీరు బయటికి పోదు. 1920ల నాటికి పైపుల నీళ్ళు వచ్చాక దీన్ని వాడటం మానేశారు. జనం మరిచిపోయారు కూడా. మళ్ళీ 1991లో చౌరస్తా పనులు చేస్తుంటే బయటపడింది.

ఇది ఊరుమ్మడి తొట్టి. దీనికి ముందు, దీనికి తోడు, ప్రతి ఇంటి కిందా, ప్రతి వాకిలి కిందా గంట ఆకారంలో తొలిచిన చిన్న తొట్టి ఉండేది. కప్పు మీద పడిన వాన గోడలోని కాలువ గుండా లోపలికి జారేది. ఒకటి నిండితే పొర్లిన నీళ్ళు కింది ఇంటి తొట్టిలోకి వెళ్ళేవి. వానలు తక్కువ, వాగు ఎక్కడో పాతాళంలో. అలాంటి చోట వేల ఏళ్ళు మనుషులు బతికారంటే ఈ లెక్క వల్లే. పియెత్రో లౌరెయానో అనే ఆర్కిటెక్టు ఈ లెక్కను విడమరిచి పుస్తకం రాశాడు. యునెస్కో గుర్తింపుకోసం పంపిన పత్రాలను తయారుచేసింది కూడా ఆయనే. సస్సి మొదటినుంచీ పేదల బొరియలు కావని, నీటిని పొదుపుచేయడం తెలిసిన నగరమని ఆయన వాదన. దాన్ని నేను పూర్తిగా నమ్ముతున్నాను, కళ్ళారా చూశాను గనక.

మరి అది మురికివాడగా ఎలా మారింది? జనం పెరిగారు, చేతిలో భూమి తరిగింది. ఉమ్మడి పొలాలు, చర్చి పొలాలు చేతులు మారి పెద్ద ఆసాముల పాలయ్యాయి. కాస్త డబ్బున్నవాళ్ళు పైకి, మైదానం మీద కట్టిన కొత్త ఊళ్ళోకి వెళ్ళిపోయారు. మిగిలిన కూలీలు ఎక్కడ సందు దొరికితే అక్కడ సంసారం పెట్టారు. పశువుల కొట్టాలు ఇళ్ళయ్యాయి. చివరికి నీళ్ళ తొట్టిని ఎండగట్టి, దానికి తలుపు కొట్టి, అందులో కాపురం ఉన్నారు. ఊరికి ప్రాణం పోసిన తొట్టే చెమ్మ గోడల ఇల్లయింది. ఆ గదుల్లో పిల్లలు మలేరియాతో పోయారు, కంటి జబ్బులతో బాధపడ్డారు. పేదరికం మనిషిని ఎలా తింటుందో నేను ఇంతకన్నా స్పష్టంగా ఏ పాఠంలోనూ పిల్లలకు చూపించలేకపోయాను.

సొలితారియో సందులో ఒక గుహ ఇంటిని అప్పటి సామానుతో అలాగే ఉంచారు. ఎత్తయిన మంచం, దాని మీద మొక్కజొన్న పొట్టు నింపిన పరుపు. మంచం అంత ఎత్తు ఎందుకంటే కింద కోళ్ళు, సామాన్లు. అలమర కింది సొరుగు లాగితే అది పసిబిడ్డ పడక. గది చివర గాడిద కొట్టం. దాని ఒంటి వేడి కూడా చలికాలంలో ఇంటికి కావాలి. బల్ల మీద ఒక్కటే పెద్ద పళ్ళెం. ఇంటిల్లిపాదీ అందులోంచే తినేవాళ్ళు. ఈ ఇంట్లో 1956 దాకా మనుషులున్నారు. టూరిస్టులు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను ఆ సొరుగు వైపు చూస్తూ మా అమ్మ చీరతో కట్టిన ఉయ్యాలను తలుచుకున్నాను.

ఈ బతుకును లోకానికి చూపించినవాడు కార్లో లేవి. తూరిన్ నగరం మనిషి. డాక్టరీ చదివాడు గానీ చిత్రకారుడిగా స్థిరపడ్డాడు. ముస్సోలినీకి ఎదురు నిలిచాడని 1935లో ఆయన్ను లుకానియాకు ప్రవాసం పంపారు. బజిలికాతాకే లుకానియా అని పాత పేరు. అలియానో అనే పల్లెలో గడిపిన ఆ కాలం మీద రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. 'క్రీస్తు ఎబొలీ దగ్గరే ఆగిపోయాడు' అని దాని పేరు. మతేరా వర్ణన అందులో కొద్ది పేజీలే. అది ఆయన కళ్ళతో చూసినట్టు కాక, తమ్ముణ్ణి చూడటానికి వస్తూ దారిలో ఈ ఊళ్ళో ఆగిన అక్క లుయీసా చెప్పినట్టు ఉంటుంది. ఆమె కూడా డాక్టరే. పిల్లలు ఆమె వెంటపడి చిల్లర అడగలేదు, క్వినైన్ అడిగారు. ఆ పేజీలు చదివాక ఇటలీ నిద్రపోలేకపోయింది.

1948లో కమ్యూనిస్టు నాయకుడు తొల్యాట్టి వచ్చి ఇది జాతికి సిగ్గుచేటన్నాడు. 1950లో ప్రధాని దె గాస్పెరి వచ్చి చూశాడు. 1952 మే 17న 619 నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం 15 వేల మందికి పైగా, అంటే అప్పటి ఊరి జనంలో సగం మందిని, పైన కట్టే కొత్త పేటల్లోకి తరలించాలి. ఖాళీ చేసిన గుహలను మళ్ళీ ఎవరూ చేరకుండా గోడ కట్టి మూసేయాలి.

ఆ చట్టానికి ముందే ఒక గొప్ప పని జరిగింది. దాన్ని మన దేశంలో ప్రాజెక్టులు కట్టేవాళ్ళు తెలుసుకోవాలని నా కోరిక. టైప్‌రైటర్ల కంపెనీ అధిపతి అడ్రియానో ఒలివెట్టి అండతో ఒక అధ్యయన బృందం మతేరాకు వచ్చింది. దాన్ని నడిపినవాడు ఫ్రీడ్‌మన్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు. వైద్యులు, మానవ శాస్త్రవేత్తలు, ఆర్కిటెక్టులు అందులో ఉన్నారు. వాళ్ళు గుహలను లెక్కపెట్టి ఊరుకోలేదు. ఎవరు ఎవరి ఇంటికి నిప్పుకోసం వెళ్తారు, ఎవరి బిడ్డను ఎవరు చూస్తారు అని రాసుకున్నారు. అలా వాళ్ళు పట్టుకున్న మాట విచినాతో.

విచినాతో అంటే ఇరుగుపొరుగు. మతేరాలో దానికి ఒక ఆకారం కూడా ఉంది. నాలుగైదో, పదో గుహ ఇళ్ళ తలుపులన్నీ ఒకే వాకిట్లోకి తెరుచుకుంటాయి. ఆ వాకిట్లో ఒక తొట్టి, బట్టలుతికే బండ, పిల్లలు, కోళ్ళు. ఆడవాళ్ళ రోజంతా అక్కడే. ఆగస్టు 1న ఒక్కో ఇల్లు ఒక్కో గుప్పెడు శనగలో, చిక్కుళ్ళో, గోధుమలో తెచ్చి ఒకే అండాలో పోసి ఉడికిస్తారు. క్రపియాతా అని దాని పేరు. లిడియా దె రీతా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ వాకిళ్ళ మీదే పరిశోధన చేసింది. ఇల్లు అంటే నాలుగు గోడలు కాదు, ఎదురు గడప కూడా ఇంట్లో భాగమేనని ఆ బృందానికి అర్థమైంది.

అర్థమయ్యాక కట్టిన ఊరే ల మర్తెల్లా. మతేరాకు దాదాపు ఏడు కిలోమీటర్ల దూరం. లుదొవికో క్వరోని, ఆయన తోటి ఆర్కిటెక్టులు గీశారు. 1953లో కుటుంబాలు చేరాయి. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ ఊరికి బస్సులో వెళ్ళి వీధి వీధీ తిరిగాను. వంకర తిరిగిన వీధులు, ఒకటో రెండో కుటుంబాలకు కలిపి ఇల్లు, ఇంటికి ఆనుకుని పశువుల కొట్టం. రాత్రిపూట పశువు కదలిక తెలిసేలా ఇంట్లోంచి కొట్టంలోకి కిటికీ. రైతు మనసు తెలిసినవాళ్ళే ఆ కిటికీ పెట్టగలరు. దాన్ని చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. అయినా ల మర్తెల్లా అనుకున్నట్టు సాగలేదు. ఇచ్చిన భూమి చాలలేదు. మగవాళ్ళు తూరిన్‌కో జర్మనీకో వలసపోయారు. మంచి ఇల్లు కట్టినవాడు మంచి పొలం కూడా ఇవ్వకపోతే ఆ కిటికీకి పని ఉండదు.

ఊరి అంచునే కట్టిన పేటలు సెర్రా వెనెర్ది, స్పీనె బ్యాంకె. స్పీనె బ్యాంకెలో మావాడి స్నేహితుడి అమ్మమ్మ ఉంటుంది. ఇటాలియన్‌లో అమ్మమ్మను నోన్నా అంటారు. నేనూ ఆమెను అలాగే పిలిచాను. ఎనభై నాలుగేళ్ళు. సస్సో కవెయోసోలో పుట్టి, పదహారో ఏట 1956లో పైకి వచ్చింది. ఆమె మతేరా యాసలో మాట్లాడితే మనవడు ఇటాలియన్‌లోకి, మావాడు తెలుగులోకి మార్చారు. నేను అడిగిన మొదటి ప్రశ్నకే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మళ్ళీ అక్కడికి వెళ్ళాలని ఉందా అని మాత్రం అడగొద్దు. మా తమ్ముళ్ళు ఇద్దరు అక్కడే పోయారు."

కొత్త ఇంటికి వచ్చిన రోజు వాళ్ళమ్మ కుళాయి తిప్పి, కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుందట. నీళ్ళు పోతూనే ఉన్నాయి, ఆమె చూస్తూనే ఉంది. చివరికి భర్త కేకలేస్తే కట్టిందట. గాడిదను మూడో అంతస్తుకు ఎక్కించలేరు కదా. దాన్ని ఆల్తమూరా మనిషికి అమ్మేశారు. "మా నాన్న గుహ కోసం ఏడవలేదు, గాడిద కోసం ఏడ్చాడు" అంది నోన్నా.

అల్మరాలోంచి ఒక చెక్క ముద్ర తీసి చూపించింది. అరచేతిలో పట్టేంత. పైన కోడిపుంజు బొమ్మ, కింద వాళ్ళ నాన్న పేరు పొడి అక్షరాలు. మతేరా రొట్టె చాలా పెద్దది. గట్టి గోధుమ రవ్వ పిండితో చేసిన కిలో, రెండు కిలోల ముద్ద. ఇంట్లో పిండి కలిపి ఊరుమ్మడి పొయ్యికి పంపేవాళ్ళు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి ఈ ముద్ర కొట్టేవాళ్ళు. రొట్టె పొంగడానికి కావలసిన పులిసిన పిండి మాత్రం ఎవరింట్లోనూ ప్రత్యేకంగా ఉండేది కాదట. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, వాకిలంతా తిరుగుతూనే ఉండేదట. ఈ రోజు నువ్వు చేస్తే ఒక ముద్ద ఉంచి రేపు నాకిస్తావు. నేను ఎల్లుండి ఆమెకు ఇస్తాను.

"పైకి వచ్చాక ఎవరికి ఏ ఫ్లాట్ పడిందో తెలియలేదు. మా వాకిట్లోవాళ్ళు ఒకరు ఇక్కడ, ఒకరు సెర్రా వెనెర్దిలో. పులిసిన పిండి మా అమ్మ దగ్గరే ఉండిపోయి ఎండిపోయింది" అంది.

మావాడు ఆ మాటను తెలుగులోకి మారుస్తూ, "అంటే తోడు అమ్మా, పెరుగు తోడు లాగ" అన్నాడు. వాడికి తెలియదు, వాళ్ళ అమ్మమ్మకు కూడా ఇదే జరిగిందని.

జలాశయం కోసం 1981లో మా ఊరు ఖాళీ చేయించారు. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. నదుల కూడలి దగ్గర కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, ఆలంపూర్ దగ్గర అదే వరుసలో మళ్ళీ నిలబెట్టారు. ఎంతో ఓపికగా, భక్తిగా చేసిన పని. ఇవాళ ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. మా వీధికి మాత్రం ఎవరూ నంబర్లు వేయలేదు. పునరావాస కాలనీలో చీటీలు తీసి ప్లాట్లు ఇచ్చారు. మా గోడకు గోడగా పాతికేళ్ళున్న పొరుగామెకు కాలనీ ఆ చివర పడింది, మాకు ఈ చివర పడింది. మా ఇంట్లో బర్రె ఉండేది, పాలకు కొదవ లేదు. అయినా మా అమ్మ సాయంత్రమైతే చిన్న గిన్నె పట్టుకుని, మూడు వీధులు దాటి, ఆమె దగ్గర తోడు తెచ్చుకునేది. "ఇంట్లో ఉంది కదా" అంటే, "దాని రుచే వేరు" అనేది. కాళ్ళు నడవలేని దాకా వెళ్ళింది.

అందుకే మతేరా గురించి రెండు వైపుల నుంచీ వినిపించే మాటలు నాకు సమ్మతం కావు. గుహల్లో బతకడంలో ఏదో అందమైన సంగతి ఉందని, దాన్ని ప్రభుత్వం పాడుచేసిందని కొందరు రాస్తున్నారు. వాళ్ళు నోన్నా తమ్ముళ్ళను తలుచుకోవాలి. ఖాళీ చేయించడమే విముక్తి అనేవాళ్ళు ఆ ఎండిపోయిన పిండి ముద్దను తలుచుకోవాలి. 1952 చట్టమే సస్సిలోని ఇళ్ళను విడగొట్టి చూసింది: ఉండదగినవి, బాగుచేస్తే ఉండదగినవి, అసలు పనికిరానివి. బాగుచేయదగినవాటిని అప్పుడే బాగుచేసి, నీళ్ళూ మోరీలూ వేసి ఉంటే కొన్ని వాకిళ్ళయినా మిగిలేవి. సాధ్యం కాదని అనలేరు. తర్వాత అదే చేశారు కదా.

ఖాళీ అయ్యాక సస్సి దశాబ్దాల తరబడి పాడుబడింది. సినిమా దర్శకుడు పసోలిని పాలస్తీనా అంతా తిరిగి, అక్కడ పాతకాలపు వాసన దొరక్క, మత్తయి సువార్త సినిమాను ఇక్కడికొచ్చి తీశాడు. 1964లో వచ్చిన ఆ సినిమాలో జెరూసలేం ఈ ఊరే. జనం లేని ఇళ్ళు వేరే ఊరికి బొమ్మగా పనికొచ్చాయి. స్థానిక యువకులు మాత్రం ఊరుకోలేదు. 1959లో ల స్కలెత్తా అనే సంఘం పెట్టుకుని, సెలవు రోజుల్లో గుహలన్నీ గాలించి చర్చిలను నమోదు చేశారు. 1963లో వాళ్ళకు కనిపించిన ఒక గుహలో గోడల నిండా ఆదాము అవ్వల కథ, వెయ్యేళ్ళకు పైబడిన చిత్రాలు. అంతవరకూ కాపరులు అందులో గొర్రెలు తోలుకునేవారు. ఆ కుర్రాళ్ళు లేకపోతే ఇవాళ మతేరా లేదు.

1986లో 771 నంబరు చట్టం వచ్చింది. సస్సిని బాగుచేసి మళ్ళీ జనం ఉండేలా చేయడానికి డబ్బు కేటాయించారు. కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టాలు అన్నీ రాతి బాటల కింద వేశారు. 1993లో యునెస్కో జాబితాలో చేరింది. 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. సిగ్గుచేటు అన్న ఊరు డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి గర్వకారణమైంది. రెండు మాటలూ బయటివాళ్ళు అన్నవే. గోడలు అవే.

ఇప్పుడు రాత్రిపూట సస్సి దీపాలతో మెరుస్తుంది. చాలా అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ దీపాల్లో ఎక్కువ భాగం లాడ్జీలవి, హోటళ్ళవి. కవెయోసోలో సాయంత్రం గంటసేపు ఒక మెట్టు మీద కూర్చున్నాను. చక్రాల సూట్‌కేసులు రాళ్ళ మీద గడగడమనే చప్పుడు తప్ప ఒక పిల్లవాడి ఏడుపు వినపడలేదు, ఒక తాళింపు వాసన రాలేదు. పిల్లలు లేని ఊరిని ఊరు అనడానికి నాకు నోరు రాదు.

సస్సిలో ఎక్కువ భాగం ఇప్పటికీ ప్రభుత్వ ఆస్తే. వాడుకునేవాళ్ళకు ఏళ్ళ లెక్కన హక్కు ఇస్తారు. మతేరాకు ఉన్న అదృష్టం ఇదే. వేరే ఊళ్ళలో అమ్మకమైపోయిన ఇంటి మీద ఎవరికీ మాట చెల్లదు, ఇక్కడ చెల్లుతుంది. ఆ హక్కు గడువు తీరినప్పుడల్లా కొంత భాగం కాపురాలకే ఇవ్వాలని, అందులో మొదటి పిలుపు ఆ గుహల్లోంచి వెళ్ళిన కుటుంబాల పిల్లలకు, మనవలకు రావాలని నా అభిప్రాయం. ప్రతి వాకిలి దగ్గరా ఇప్పుడు నీలం బోర్డు మీద హోటల్ బాణం గుర్తు కనిపిస్తుంది. దాని పక్కన, 1952లో ఆ వాకిట్లో ఏయే ఇంటివాళ్ళు ఉండేవాళ్ళో పేర్లు రాసిపెట్టాలి. తరలింపు జాబితాలు తయారుచేసిన దేశానికి ఆ పేర్లు బయటపెట్టడానికి ఖర్చు ఏముంటుంది?

మన దగ్గరికి వస్తే, 2013 భూసేకరణ చట్టంలో పునరావాస కాలనీకి ఏమేం ఉండాలో పెద్ద పట్టీయే ఉంది. రోడ్లు, మోరీలు, తాగునీరు, పంచాయతీ భవనం, శ్మశానం. అన్నీ అవసరమే, ఎంత పోరాడితే వచ్చిన పట్టీ అది. ఆదివాసులను వీలైనంతవరకు ఒకేచోట కలిపి ఉంచాలని కూడా ఆ చట్టం చెప్పింది. అదే మాట ప్రతి ఊరికీ వర్తించాలి. ప్లాట్లకు చీటీలు తీసే ముందు ఒక్క ప్రశ్న అడిగి రాసుకోవాలి: మీరు ఎవరి పక్కన ఉండాలనుకుంటున్నారు? దానికి భూమి అదనంగా అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు చాలు. మతేరాలో ఫ్రీడ్‌మన్ బృందం ఆ పని డెబ్బై ఏళ్ళ కిందట చేసింది. రాసుకున్నది అందరికీ అమలైతే నోన్నా వాళ్ళమ్మ పిండి ఎండేది కాదు.

మూడోసారి వెళ్ళింది జూలై 2న, మదోన్నా దెల్లా బ్రూనా పండగకు. 1389 నుంచి జరుగుతోందని లెక్క. నెలల తరబడి ఒక కళాకారుడు కాగితం గుజ్జుతో దేవదూతలను, సాధువులను చేసి పెద్ద రథం కడతాడు. తెల్లవారుజామున కాపరుల ఊరేగింపు. సాయంత్రం కంచరగాడిదలు లాగే ఆ రథం మీద అమ్మవారి విగ్రహాన్ని కెథడ్రల్‌కు తీసుకెళ్తారు. మూడు ప్రదక్షిణలయ్యాక విగ్రహాన్ని దింపుతారు. ఖాళీ రథం చౌరస్తాకు రాగానే జనం దాని మీద పడి, నిమిషాల్లో ముక్కలు ముక్కలుగా పీకేస్తారు. ఒక చెయ్యో, రెక్కో, పువ్వో దొరికినవాడు దాన్ని ఇంటికి తీసుకుపోతాడు. ఏడాదంతా శుభం. వచ్చే ఏడు కొత్త రథం. ఆ రాత్రి కొత్త పేటల నుంచీ ల మర్తెల్లా నుంచీ, పొరుగు దేశాల నుంచి కూడా ఊరివాళ్ళంతా దిగి వచ్చారు. చౌరస్తా అంతా ఒకే యాసతో హోరెత్తింది. దూరంగా ఒక గోడకు ఆనుకుని నిలబడి చూశాను. వాళ్ళ వాకిలి అంత పెద్దదై కనిపించింది నాకు.

మర్నాడు పొద్దున సెలవు తీసుకోవడానికి నోన్నా ఇంటికి వెళ్ళాం. ఆమె మనవడి మోచెయ్యి గీరుకుపోయి ఉంది. ముఖం మాత్రం వెలుగుతోంది. వంటింట్లో ఫ్రిజ్ మీద, ఆ కోడిపుంజు ముద్ర పక్కన, నీలం రంగు వేసిన దేవదూత రెక్క ముక్క పెట్టి ఉంది. అంతకుముందు వచ్చినప్పుడు నేను అదే చోట చూసిన గులాబీ రంగు వేలు, పాత రథం ముక్క, ఇప్పుడు అక్కడ లేదు.

"పాతది పారేశారా?" అని అడిగాను.

నోన్నా తల అడ్డంగా ఊపి, గోడ వైపు చూపించింది. పక్క ఫ్లాట్లో ఉండే ఆవిడకు తొంభై దాటాయట, మెట్లు దిగలేదట. పొద్దున్నే వెళ్ళి ఇచ్చి వచ్చిందట.